కొండెక్కని దీపం

మన భాషలో దీపం ఆరిందనకూడదు,
కొండెక్కిందనాలి.
ఈ మాట సాతుర్నీనాకు తెలియదు.
ఆమె మినీబస్సు రోజూ ఆరుసార్లు కొండెక్కుతుంది,
లా పాస్ గిన్నె అడుగు నుంచి ఎల్ ఆల్తో అంచుదాకా,
డ్యాష్‌బోర్డు మీద ఆ పసుపు ఇంజను దీపాన్ని మోసుకుంటూ.
ఎక్కుతుంది. ఆరదు.

మొదటి మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు.
రెండోవాడు సెన్సరు మార్చి, నాలుగొందల ఎనభై బొలివియానోలు తీసుకుని,
పాతదాన్ని కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు,
పీకిన పన్ను ఇచ్చినట్టు.
మూడోవాడు బ్యాటరీ తీగ ఊడదీసి పది నిమిషాలు టీ తాగాడు.
దీపం పోయింది.
రెండు రోజులు.
మూడో రోజు పొద్దున, అదే మలుపులో, అదే పసుపు.

కార్నివాల్ మంగళవారం నాలుగు చక్రాలకూ బీరు పోసింది,
బానెట్టు మీద రంగు కాగితాలు చల్లింది.
నేలతల్లి తన వాటా తాగి ఊరుకుంది.
"అంతా ఎత్తు మహిమ తల్లీ, నాలుగు వేల మీటర్ల మీద
మనుషులకే ఊపిరాడదు, ఇంజనుకేం ఆడుతుంది"
అన్నారు స్టాండులో తోటి డ్రైవర్లు.
చివరికి నల్ల టేపు ముక్క అంటించింది.
రాత్రిళ్లు టేపు అంచున
గోరంత వెలుగు కారుతూనే ఉండేది.

విల్యా అదేలాలో గ్రోవర్ తికోనా
స్కానరు తగిలించి, చదివి, నవ్వాడు.
"గాలి ఎక్కువైందంటోంది మీ బండి."
ఈ ఊళ్లో!
అగ్గిపుల్ల కూడా ఆలోచించుకుని వెలిగే ఊళ్లో!
ఆమెకూ నవ్వొచ్చింది.

"ఊరి గాలి కాదు, లెక్కలో లేని గాలి.
మీరు ముందు తలుపు దగ్గర చిల్లర లెక్కపెడుతుంటే
వెనక తలుపులోంచి ఎవడో ఎక్కి కూర్చున్నట్టు.
వాడు ఎక్కడ ఎక్కుతున్నాడో చూడాలి."

మధ్యాహ్నమంతా వెతికాడు. ఏమీ లేదు.
గొట్టాలన్నీ బుద్ధిమంతుల్లా బిగుసుకుని ఉన్నాయి.
"ఇంజను ఎప్పుడు వణుకుతుంది?"
ముందు ముగ్గురిలో ఒక్కరూ అడగని ప్రశ్న.
"పొద్దున్నే. మొదటి ట్రిప్పులో. ఎండెక్కాక మామూలే."
అయితే రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి, అన్నాడు.

తెల్లవారుజామున ఐదు. సున్నాకి ఆరు డిగ్రీల కింద.
ఇయిమాని మంచు ఇంకా నీలంగానే ఉంది.
పెయింటు డబ్బాలో పసిపిల్లల నూనె పోసి,
డీజిల్ బండి గ్లో ప్లగ్గుతో కాచి,
సైకిలు పంపుతో ఆ పొగను ఇంజను గొంతులోకి కొట్టాడు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఇక్కడ నిప్పు సంగతి ఎవరికీ పట్టలేదు.
పొగ ఎటు పోతుందా అని ఇద్దరూ వంగి చూస్తున్నారు,
తమ ఊపిరి ఆవిరి అడ్డం రాకుండా బిగబట్టి.

వచ్చింది.
మోచేతిలా వంగిన రబ్బరు గొట్టం కింద,
వేలు తప్ప కన్ను చేరని చోట,
దారప్పోగంత తెల్లగా.
అప్పుడే ఒళ్లు తుడిచిన పసికందు వాసన.
చలికి ముడుచుకున్నప్పుడే తెరుచుకునే పగులు.
ఎండెక్కితే నోరు మూసుకుని పెద్దమనిషిలా కూర్చుంటుంది.
కొత్త గొట్టం ఖరీదు పద్దెనిమిది.

సాతుర్నీనా చాలాసేపు ఏమీ అనలేదు.
నాలుగొందల ఎనభైలోంచి పద్దెనిమిది తీసేస్తోందేమో.
లేక ఎనిమిది నెలలుగా టేపు కింద
నిజమే చెబుతూ వచ్చినదాన్ని
అబద్ధాలకోరని తిట్టిన తిట్లు లెక్కపెడుతోందేమో.

"అప్పుడే నమ్మకండి, మూడు ట్రిప్పులు తిప్పి చూడండి."
మూడోసారి సేహా అంచుకు చేరాక
టేపును గోటితో గీకింది.
జిగురు మరక, దుమ్ము, చీకటి.
దీపం కొండెక్కింది.

అంతలో పక్కనే పెట్రోలు దీపం వెలిగింది.
దానికి కారణం ఆమెకు తెలుసు.